వీర్యంలో చీము కణాలు, వరసగా యాంటీబయాటిక్స్, చివరికి కౌంట్ సున్నా

అతని వయసు 34. రాజోలు వైపు రొయ్యల చెరువు కౌలుకి తీసుకుని చేస్తున్నాడు. పెళ్లి 2019లో అయింది. పెళ్లయిన కొద్ది నెలలకే కువైట్ వెళ్లి, డ్రైవరుగా పనిచేసి 2021 మధ్యలో తిరిగొచ్చాడు. భార్యకి 28. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ పిల్లల కోసం చూస్తున్నారు. నా దగ్గరికి వచ్చింది 2023 సెప్టెంబరులో, ఈ వయసులు అప్పటివి. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆమె ఫైలు రెండంగుళాల మందం ఉంది. హార్మోన్ పరీక్షలు, స్కాన్లు, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, రెండుసార్లు చేసిన ఐయూఐ (వీర్యాన్ని శుద్ధిచేసి గర్భసంచిలోకి ఎక్కించడం) కాగితాలు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అతని ఫైలు మూడు కాగితాలు. మా ప్రాంతంలో ఇది కొత్త కాదు. సగం మంది దంపతుల్లో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని తెలిసినా, పరీక్షల బల్ల ఎక్కేది ముందు ఆడమనిషే.

ఆ మూడు కాగితాలూ వీర్య పరీక్ష రిపోర్టులు. పక్కపక్కన పెట్టి చూస్తే కథంతా అక్కడే ఉంది. 2022 ఫిబ్రవరిలో మిల్లీలీటరుకి 2.8 కోట్ల కణాలు, చురుగ్గా ముందుకు కదిలేవి 22 శాతం, చీము కణాలు మైక్రోస్కోపులో ఒక్కో ఫీల్డుకి 12 నుంచి 15. అదే ఏడాది నవంబరులో కణాలు 50 లక్షలు, చీము కణాలు 20 నుంచి 25. 2023 ఆగస్టులో కణాలు నిల్, చీము కణాలు 10 నుంచి 12. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం మిల్లీలీటరుకి 1.6 కోట్లు దాటి, ముందుకు కదిలేవి 30 శాతం ఉంటే చాలు. అంటే మొదటి రిపోర్టు వచ్చిననాడు సంఖ్య బాగానే ఉంది, కదలిక మాత్రం తగ్గింది. ఏడాదిన్నరలో మొత్తం పోయింది.

ఈ ఏడాదిన్నరలో అతనికి దొరికిన వైద్యం యాంటీబయాటిక్స్. మొదట డాక్సీసైక్లిన్, తర్వాత ఆఫ్లాక్సాసిన్ మూడు వారాలు, ఆ తర్వాత లీవోఫ్లాక్సాసిన్ నాలుగు వారాలు, వాటితోపాటు కౌంట్ పెరగడానికని విటమిన్ మాత్రలు. మూత్రం కల్చర్, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్ష, ఒక్కసారి చేశారు, ఏమీ పెరగలేదు. వీర్యం కల్చర్ చేయలేదు.

"డాక్టరు గారెవరైనా మిమ్మల్ని పరీక్ష చేసి చూశారా?" అని అడిగాను.

"చూడలేదండి. రిపోర్టు చూశారండి."

చేతికి తెలిసింది

తెర చాటున నిలబెట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టింది. వృషణాలు రెండూ మంచి సైజులో ఉన్నాయి, కొలతల పూసలతో చూస్తే ఒక్కొక్కటి 18 మిల్లీలీటర్లు. కుడి వృషణం వెనక ఉండే ఎపిడిడిమిస్ కింది భాగం, అంటే తోక, గట్టిగా గడ్డలు గడ్డలుగా ఉంది. నొక్కితే పెద్ద నొప్పి లేదు. అక్కణ్ణించి పైకి వెళ్లే వీర్యనాళం నున్నగా లేకుండా పూసలు గుచ్చినట్టు తగిలింది. ఎడమ వైపు ఎపిడిడిమిస్ తల ఉబ్బి ఉంది, తోక కాస్త గట్టిపడింది. కుడివైపు కొంచెం నీరు కూడా ఉంది.

వృషణాల సైజు బాగుండి, కణాలు మాత్రం సున్నా అంటే తయారీ ఆగిపోయిందని కాదు, దారి మూసుకుపోయిందని ముందు అనుమానించాలి. వీర్యకణాల తయారీని నడిపే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ 4.6 వచ్చింది, మామూలే. తయారీ దెబ్బతింటే అది సాధారణంగా పెరుగుతుంది. వీర్యం పరిమాణం 2.1 మిల్లీలీటర్లు, పీహెచ్ 7.6, ఫ్రక్టోజ్ అనే చక్కెర ఉంది. ఈ మూడూ కలిసి చెప్పేదేమిటంటే అడ్డం పైన ప్రోస్టేట్ దగ్గర లేదు. అక్కడ గనక మూసుకుపోతే పరిమాణం బాగా తగ్గి, ఆమ్లంగా మారి, ఫ్రక్టోజ్ లేకుండా పోయేది. కాబట్టి అడ్డం కింద, ఎపిడిడిమిస్‌లోనో దాన్ని అంటిపెట్టుకున్న నాళంలోనో ఉంది, అదీ రెండువైపులా.

ఎపిడిడిమిస్ అంటే ఒకే ఒక్క సన్నని గొట్టం, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. విప్పి సాగదీస్తే ఆరు మీటర్ల దాకా వస్తుంది. వృషణంలో పుట్టిన కణం కదలడం, గుడ్డులోకి చొరబడే శక్తి తెచ్చుకోవడం అన్నీ ఈ గొట్టంలో ప్రయాణిస్తూనే. అందులో ఎక్కడ మచ్చకట్టినా ఆ వైపు దారి మొత్తం పోయినట్టే. పక్కదారి లేదు.

ఇది చెప్పినప్పుడు అతనే అన్నాడు: "అంటే చెరువు నిండుగానే ఉందండి, తూము పూడిపోయిందండి." అంతకంటే బాగా నేను చెప్పలేను.

బోద అనుకున్నారు

2022 వేసవిలో కుడివైపు వాపు, సాయంత్రం పూట కొద్దిగా జ్వరం వచ్చాయట. ఊళ్లో చూపిస్తే బోద జ్వరమని, బోద పురుగుకి వాడే డీఈసీ మాత్రలు ఇచ్చారు. తప్పు పట్టడానికి లేదు. గోదావరి జిల్లాలు ఎన్నో ఏళ్లుగా బోద వ్యాధి ఉన్న ప్రాంతాలు. మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుడుతుంది, ఆ పురుగు మగవాళ్లలో వృషణాల చుట్టూ ఉండే లింఫ్ నాళాల్లో కాపురం పెడుతుంది. ఇక్కడ పెరిగిన ఏ మగవాడికి కింద వాపు వచ్చినా వరిబీజమో బోదో అని ముందు అనుకోవడం సహజం. ఏటా ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగించే కార్యక్రమం చూసినవాళ్లకి అది ఇంకా సహజం.

కానీ తేడా ఉంది. బోదలో ఎక్కువగా నాళం చుట్టూ ఉండే తాడంతా వాస్తుంది, నీరు చేరుతుంది, జ్వరం చలితో వచ్చి కొద్ది రోజుల్లో పోయి మళ్లీ వస్తుంది. స్కాన్ చేస్తే ఒక్కోసారి బతికున్న పురుగులు మెలికలు తిరుగుతూ కనపడతాయి. ఇతనికి అలాంటిదేమీ లేదు. రాత్రిపూట తీసిన రక్తంలో క్రిములు లేవు, బోద యాంటిజెన్ కార్డు పరీక్ష నెగటివ్. స్కాన్‌లో ఎపిడిడిమిస్ తోక నల్లగా, గరుగ్గా, మధ్యలో చిన్న చిన్న సున్నపు చుక్కలతో ఉంది. గట్టిగా, నొప్పి లేకుండా, తోక దగ్గర మొదలై, నాళం పూసల్లా మారితే నేను ముందు తలచుకునేది టీబీనే. మన దేశంలో అలా తలచుకోకపోతేనే తప్పు.

మూత్రం చూశాం. చీము కణాలు 20 పైన, పీహెచ్ ఆమ్లం వైపు, మామూలు కల్చర్‌లో ఏమీ లేదు. చీము ఉండి క్రిమి పెరగని మూత్రం అంటే టీబీ కోసం వెతకమని అర్థం, ఎందుకంటే ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు. రాత్రి లేస్తున్నారా అని అడిగితే మూడు నాలుగుసార్లు లేస్తున్నానన్నాడు. షుగరేమోనని తనే చూపించుకున్నాడట, లేదు. బరువు కూడా తగ్గాడు, చెరువు మీద నిద్ర లేకపోవడం వల్ల అనుకున్నాడు.

ఛాతీ ఎక్స్‌రే రాస్తుంటే అతను భార్య వైపు చూశాడు. ఆమెని కాసేపు బయట కూర్చోమని నర్సు చేత చెప్పించాను. అప్పుడు చెప్పాడు. 2021 డిసెంబరులో మళ్లీ గల్ఫ్ వెళ్దామని మెడికల్ చేయించుకుంటే ఛాతీలో పాత మచ్చ ఉందని అన్‌ఫిట్ చేశారు. గల్ఫ్ దేశాల మెడికల్‌లో పాత టీబీ మచ్చ ఉన్నా ఆపేస్తారు, మందులు వాడినా వాడకపోయినా. ఇంట్లో ఆ మాట చెప్పలేదు. వీసా కుదరలేదన్నాడు. "మా మావగారు ఏజెంటుకి అడ్వాన్సు కట్టారండి. ఊపిరితిత్తుల్లో మచ్చ అంటే ఏమనుకుంటారండి?" ఆ తర్వాత రెండు నెలలకే మొదటి వీర్య పరీక్ష. ఆ మెడికల్ కాగితం ఎవరికైనా చూపించి ఉంటే ఈ కేసు ఇంత దూరం వచ్చేది కాదేమో. చూపించమని అడిగినవాళ్లూ లేరు.

తెల్లవారి మొదటి మూత్రం మూడు రోజులు వరసగా తీయించి, టీబీ క్రిమిని జన్యుపరీక్షతో పట్టే సీబీనాట్‌కీ కల్చర్‌కీ పంపాం. రెండో నమూనాలో టీబీ క్రిమి ఉందని వచ్చింది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి లొంగేదే. కళ్లెలో లేదు. ఎక్స్‌రేలో కుడివైపు పైన ఎండిన మచ్చ ఒకటి. సీటీలో కుడి కిడ్నీ పై భాగంలో మూత్రం చేరే గిన్నె అంచు కొరికినట్టు ఉంది, మిగతా కిడ్నీ బాగుంది. హెచ్‌ఐవీ నెగటివ్. ఊపిరితిత్తి నుంచి రక్తంలో కిడ్నీకి, అక్కణ్ణించి మూత్రం దారినో లేదా రక్తం నుంచే నేరుగానో ఎపిడిడిమిస్‌కి. ఈ దారి ఏళ్ల తరబడి నడుస్తుంది, అందుకే కిందకి వచ్చేసరికి పైన మచ్చ మాత్రమే మిగులుతుంది.

ఎపిడిడిమిస్‌లో సూది పెట్టి నమూనా తీయలేదు. మూత్రంలోనే దొరికినప్పుడు, మిగిలిన ఆ సన్నని గొట్టాన్ని పొడవడం నాకు ఇష్టం లేదు.

క్వినలోన్ గురించి

యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ అతనికి మూత్రంలో మంట తగ్గింది, బాగున్నట్టనిపించింది. అది భ్రమ కాదు. క్వినలోన్ రకానికి చెందిన ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడా పనిచేసే మందులు. ఒంటరిగా కొన్ని వారాలు ఇస్తే క్రిమిని చంపవు, కొంతకాలం అణిచిపెడతాయి, పరీక్షలో దొరక్కుండా చేస్తాయి, మొండి రకాన్ని తయారుచేసే ప్రమాదమూ ఉంది. అదృష్టవశాత్తూ ఇతని కల్చర్ పెరిగి వచ్చాక చూస్తే లీవోఫ్లాక్సాసిన్‌తో సహా అన్ని మందులకీ లొంగింది. కల్చర్ లేకుండా, చేతితో చూడకుండా, నెలల తరబడి క్వినలోన్ రాసే అలవాటు మా వృత్తిలో పోవాలి. ఈ మాట సంఘం సమావేశాల్లో అంటే అందరూ తల ఊపుతారు, మర్నాడు ఓపీలో చీటీ మళ్లీ అలాగే ఉంటుంది.

చీము కణాల గురించి ఇంకొంచెం చెప్పాలి. వీర్యం రిపోర్టులో చీము కణాలని రాసినవన్నీ చీము కణాలు కావు. ఇంకా ఎదగని వీర్యకణాలు కూడా గుండ్రంగానే కనపడతాయి, మామూలు మైక్రోస్కోపులో రెండిటికీ తేడా తెలియదు. పెరాక్సిడేజ్ రంగు వేసి చూడాలి. మిల్లీలీటరుకి పది లక్షలు దాటితే అప్పుడు వాపు ఉందనుకోవచ్చు. ఇతనికి నలభై లక్షలు వచ్చాయి. ఏ లక్షణమూ లేకుండా నాలుగైదు కణాలు కనపడ్డవాడికి మందు రాయడం వేరు, ఇతని రిపోర్టు వేరు. ల్యాబుల్లో ఈ రంగు పరీక్ష అడిగి చేయించుకోవాలి, అడక్కపోతే చేయరు.

నిజమైన తెల్లకణాలు ఎక్కువైతే అవి వదిలే ఆక్సిజన్ రాడికల్స్ వీర్యకణం పైపొరనీ లోపలి డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. మొదటి రిపోర్టులో సంఖ్య ఉండి కదలిక తగ్గడానికి ఇదే కారణమై ఉండొచ్చు. తర్వాత మచ్చకట్టడం మొదలై సంఖ్య పడిపోయింది. ఇన్ఫెక్షన్ మగవాడి సంతానాన్ని దెబ్బతీసే దారులు ప్రధానంగా ఇవే, వీటితోపాటు మూడోది, వృషణమే పాడవడం. యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణం వాచినవాళ్లలో అది చూస్తాం. దారి మూసుకుపోతే కణం లోపల ఉంటుంది, వృషణం పాడైతే ఉండదు. చికిత్సలో ఈ తేడా అన్నిటికంటే పెద్దది.

వయసులో ఉన్నవాళ్లలో ఎపిడిడిమిస్ వాపుకి క్లమీడియా, సెగరోగం ఎక్కువ కారణం. పెద్దవాళ్లలో మూత్రంలో ఉండే ఈ కోలై. ఇవి సరైన మందుతో, క్లమీడియానో సెగో అయితే భార్యకీ కలిపి ఇస్తే, చాలావరకు మచ్చ పడకముందే తగ్గుతాయి. ఇతనికి ఆ పరీక్షలు కూడా చేశాం, లేవు. భర్తకి మాత్రమే మందిచ్చి పంపడం, తిరిగి అంటుకోవడం మామూలుగా చూస్తుంటాం. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో ఇద్దరికీ ఉచితంగా ఇస్తారు, మొహమాటపడి వెళ్లరు.

ఆరు నెలలు

2023 అక్టోబరులో మందు మొదలైంది. బరువు 61 కిలోలు కాబట్టి రోజుకి నాలుగు మాత్రలు, రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పాను. చెప్పకపోతే ఆ ఒక్క భయంతో మానేసేవాళ్లున్నారు. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేస్తే అప్పట్లో నెలకి 500 రూపాయలు బ్యాంకులో పడేవి, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది.

నమోదుకి అతను ఒప్పుకోవడానికే వారం పట్టింది. ఆశా కార్యకర్త ఇంటికొస్తే ఊరంతా తెలుస్తుందని భయం. మందులు మండల కేంద్రంలో తీసుకునేలా, ఫోను అతనికే చేసేలా మాట్లాడి పెట్టాం. భార్యకి మాత్రం చెప్పక తప్పదన్నాను. నా ఎదుటే చెప్పాడు. ఆమె కోపం జబ్బు మీద కాదు. "నాకు ఐయూఐ చేస్తున్నప్పుడు కూడా ఈ మాట చెప్పలేదా అండీ మీరు?" అంది. అతను తల దించుకున్నాడు. ఆ ప్రశ్నకి నేను మధ్యలో వెళ్లలేదు.

ఇంట్లో అందరికీ ఎక్స్‌రే తీయించాం. ఎవరికీ జబ్బు లేదు. ఆమెకి నెలసరి సక్రమంగా ఉంది, ట్యూబులు తెరుచుకునే ఉన్నాయి, లక్షణాలు లేవు. వీర్యం ద్వారా టీబీ భార్యకి రావడం అరుదే అయినా మందు పూర్తయ్యేదాకా కండోమ్ వాడమన్నాను.

వైద్యం జరుగుతుండగా కిడ్నీ స్కాన్ నెలనెలా చేశాం. ఇది చాలామంది మరిచిపోతారు. మందు పనిచేసి పుండు మానేటప్పుడే మచ్చకట్టి మూత్రనాళం ఇరుకవుతుంది, మనిషికి నొప్పి లేకుండా కిడ్నీ వాచిపోతుంది. రెండో నెలలో కుడివైపు కొంచెం వాపు కనపడితే మూత్రనాళంలో స్టెంట్, అంటే సన్నని గొట్టం, వేశాం, నాలుగో నెలలో తీసేశాం.

2024 ఏప్రిల్‌కి మందు అయిపోయింది. మూత్రం శుభ్రం, రాత్రి ఒకసారే లేస్తున్నాడు, బరువు 67. గడ్డలు సగానికి తగ్గాయి. జులైలోనూ అక్టోబరులోనూ వీర్యం చూశాం. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు, బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది కాబట్టి మూడు నెలలకి ముందు చూసి ప్రయోజనం లేదు. చీము కణాలు దాదాపు లేవు. వీర్యకణాలు కూడా లేవు.

ఇది ముందే చెప్పి ఉంచాను. మందు క్రిమిని చంపుతుంది, మచ్చని కరిగించదు. మరి ఆపరేషన్ చేసి దారి కలపొచ్చు కదా అని అతని బావగారు అడిగారు. ఒకేచోట అడ్డం ఉన్నవాళ్లకి ఆ ఆపరేషన్ మంచిది. టీబీలో అడ్డం ఒకచోట ఉండదు, నాళం పొడవునా అక్కడక్కడా పడుతుంది. పైన కలిపితే కింద మూసి ఉంటుంది. అలాంటివాళ్లకి నేను ఆపరేషన్ చెప్పను.

నన్ను ఇప్పటికీ కుదుటపడనివ్వనిది 2022 నవంబరు రిపోర్టు. ఆనాడు మిల్లీలీటరుకి 50 లక్షల కణాలున్నాయి. చీము కణాలు పెరుగుతూ కౌంట్ పడిపోతున్న మనిషి నమూనాని ఫ్రీజ్ చేసి పెట్టమని ఎవరైనా ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఇన్ఫెక్షన్ ఉన్న నమూనాని విడిగా దాచాలి, ఖర్చు కొంచెం ఉంటుంది, అంతే. ఐయూఐలకి పెట్టినదాంతో పోలిస్తే ఎక్కువ కాదు.

2025లో విజయవాడలో ఇక్సీకి, అంటే ఒక వీర్యకణాన్ని నేరుగా గుడ్డులోకి ఎక్కించే పద్ధతికి, వెళ్లారు. వృషణంలోంచి సూదితో తీస్తే కదిలే కణాలు దొరికాయి. సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ చూసి దొరుకుతాయనే అనుకున్నాం. మూడు పిండాలు ఫ్రీజ్ చేశారు. మొదటిది పెట్టారు, నిలవలేదు. రెండోది ఈ పంట పట్టుబడి అయ్యాక పెట్టించుకుందామని ఆగారు, ఎందుకంటే డబ్బు చెరువులో ఉంది, పైగా రొయ్యకి రేటు లేదు. ఆమె వయసు ఇంకా ముప్పయ్యే కాబట్టి కొన్ని నెలలు ఆగినా నష్టం లేదని చెప్పాను. అతను ఆర్నెల్లకోసారి కిడ్నీ స్కాన్‌కి వస్తున్నాడు. మొన్నటి స్కాన్‌లో వాపు లేదు.